ఫ్లోరెన్స్ నైటింగేల్

ఫ్లోరెన్స్ నైటింగేల్ (మే 12, 1820 - ఆగష్టు 13, 1910) ఆధునిక నర్సింగ్ వృత్తికి పునాది వేసిన ఆంగ్ల వనిత, గణాంక శాస్త్రజ్ఞురాలు. క్రిమియా యుద్ధకాలంలో దీపధారిణిగా ప్రసిద్ధి చెందినది. ఆసుపత్రి మంచం ఎట్లుండవలెనన్న విషయమై ఈమె చేసిన ఆలోచన మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

ఈమె ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో సంపన్న కుటుంబంలో జన్మించినది. ఆ నగరం పేరే ఈమెకు పెట్టారు. ఆ రోజులలో నర్సు పనికి గౌరవం లేదు. తల్లి, అక్క ఎంత వ్యతిరేకించినా 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో శిక్షణ పొందినది.

'''నర్సుల శ్రమ'''

1853లో లండనులోని అప్పర్ హార్లీ వీధిలో ఒక చిన్న ఆసుపత్రికి పర్యవేక్షకురాలైనది. ప్రతి అంతస్తుకు గొట్టాల ద్వారా వేడినీరు, భోజనం పైకి చేర్చే లిఫ్టు, ఏ రోగి పిలిచినదీ తెలిపే గంటలు కావాలని పట్టుబట్టినది. ఇవి లేనిచో నర్సు శక్తి అంతా మెట్లెక్కి దిగుటకే చాలదని ఈమె వాదన.

1854 నవంబరులో 38 మంది స్త్రీలతో టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రి చేరినది. అక్కడ మంచాలు చాలక సైనికులు నేలపైనే పడి ఉండేవారు. ఈమె వచ్చిన వెంటనే మరణాలు తగ్గాయనుట సరికాదు. 1855 వసంతంలో పారిశుధ్య సంఘం వచ్చి మురుగు కాలువలు బాగుచేసిన పిదపనే తగ్గాయి.

1859లో వెలువడిన ''నోట్స్ ఆన్ నర్సింగ్''లో మంచానికి ఒక అధ్యాయమే కేటాయించినది. ఇనుప మంచం, గాలి ఆడే స్ప్రింగులు, గుర్రపు వెంట్రుకల పలుచని పరుపు, మూడున్నర అడుగులు మించని వెడల్పు ఉండాలన్నది. మంచం గోడకు ఆనరాదు. నర్సు ఇరువైపులకూ వెళ్ళగలగాలి, ఒళ్ళు సాచకుండా రోగిని అందుకోగలగాలి. ఎత్తు సోఫాను మించితే రోగి తనంత తాను దిగలేడు. అయితే మంచం మరీ తక్కువ ఎత్తులో ఉంటే వంగి పనిచేసే నర్సుకు నడుము నొప్పి తప్పదు. ఒకే ఎత్తు ఇద్దరికీ సరిపడదు. ఎత్తు మార్చుకొనే మంచానికి బ్రిటన్‌లో ప్రామాణిక నమూనా 1960వ దశకంలో బ్రూస్ ఆర్చర్ కృషితో ఏర్పడినది.

1860లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఈమె పేరున నర్సుల శిక్షణాలయం ప్రారంభమైనది.

'''చివరి దశ'''

1857 నుండి తీవ్ర అనారోగ్యంతో ఈమె ఎన్నో ఏండ్లు మంచం పట్టి, అక్కడి నుండే నివేదికలు వ్రాసినది. భారతదేశానికి ఎన్నడూ రాకపోయినా ఇక్కడి పారిశుధ్యం గురించి శ్రమించినది. ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాత సర్ ఆర్థర్ కాటన్‌తో నీటిపారుదల విషయమై ఉత్తరాలు నడిపినది. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ పొందిన తొలి మహిళ అయినది. 1910లో లండనులో మరణించగా ఈస్ట్ వెల్లోలో కుటుంబ సమాధిలో ఖననం చేశారు.