జార్జి బరోసు చరిత్రము

చిల్లంగియు చేతబడియు మన పల్లెలలోని నిరక్షరాస్యులకు మాత్రమే గల భయములనియు, చదువు వ్యాపించిన చోట నవి తమంతట తామే నశించుననియు మనలో పలువురు తలంచుచుందురు. ఆ తలంపు ఎంతవరకు నిజమో పరీక్షింపగోరువారు జార్జి బరోసు అను క్రైస్తవ బోధకుని జీవితమును తెలిసికొనవలెను. ఆయనను ఉరితీయించినవారు చదువురాని పామరులు కారు. వారిలో గొప్ప విద్వాంసులుండిరి. కొందరు ఆయన చదివిన కళాశాలలోనే చదివినవారు.

బరోసు 1650 ప్రాంతమున జన్మించి, ఉత్తర అమెరికాలో ఆంగ్లేయుల వలసయైన మసాచుసెట్సులోని రాక్సుబరీయందు పెరిగి, 1670 వ సంవత్సరమున హార్వర్డు కళాశాలలో పట్టము పొందెను. ఆయన పొట్టివాడు, చామనచాయవాడు, కాని మిక్కిలి దేహబలము కలవాడు. ఈ దేహబలమును పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. కొన్ని యేండ్లకు ఆయన నేటి మెయిన్ రాష్ట్రమున నున్న ఫాల్మౌతు గ్రామమునకు బోధకుడై పోయెను. 1676 లో ఆ ప్రాంతపు ఆదిమజాతులవారు ఆ గ్రామముపై బడి పలువురిని చంపగా, బరోసు కొందరు పురుషులను, స్త్రీలను, బిడ్డలను వెంటబెట్టుకొని సమీప ద్వీపమునకు దాటి వారి ప్రాణములు కాపాడెను. వలసవారి భూమ్యాశయే ఆ కలహములకు పెద్ద కారణమని చెప్పకుండుట మాకు న్యాయముగా తోచదు.

1680 లో ఆయన సేలము గ్రామపు సంఘమునకు బోధకుడుగా వచ్చెను. ఆ గ్రామము కక్షలకు పేరుపొందినది. బోధకునకు ఈయవలసిన జీతమును వారు సరిగా నీయలేదు. 1681 లో ఆయన భార్య చనిపోగా, ఉత్తరక్రియలకు సైతము చేత ధనము లేక జాన్ పుట్నమను గృహస్థునివద్ద అప్పు చేయవలసివచ్చెను. జీతము రాక విసిగి 1683 లో ఊరు విడిచినవాడు, లెక్కలు తేల్చుకొనుటకు మరల రాగా, ఆ పుట్నము బాకీ క్రింద ఆయనను పట్టించెను. సంఘము ఆయనకు బాకీపడిన జీతము ఆ యప్పుకంటె నెక్కువయని తేలినందున దావా నిలువలేదు. దావా పోయెను గాని పగ పోలేదు.

మరల ఫాల్మౌతు చేరిన బరోసు అచ్చట నెట్లు నడచుకొనెనో చూడుడు. గ్రామస్థులు పూర్వము తనకిచ్చిన 200 ఎకరములలో 170 ఎకరములు తమకు కావలెనని యడుగగా, మారుమాటాడక తిరిగి యిచ్చి, వారు బదులిచ్చెదమన్న భూమిని కూడ పుచ్చుకొనలేదు.

1692 వ సంవత్సరమున సేలము గ్రామమున కొందరు బాలికలకు వింతయైన మూర్ఛలు వచ్చెను. తమ్మును ఎవరో మంత్రప్రయోగముచే బాధించుచున్నారని వారు కేకలు వేసిరి. మొదట దిక్కులేని స్త్రీలపైని, తరువాత గౌరవముగల గృహిణులపైని నిందలు పడెను. పిమ్మట ఈ మాంత్రికుల కందరకు నాయకుడొకడు ఉండవలెనను మాట పుట్టినది. ఏప్రిలు నెలలో పండ్రెండేండ్ల ఆన్ పుట్నము బరోసు పేరు చెప్పెను. ఆ పిల్ల, అప్పిచ్చిన జాన్ పుట్నమునకు అన్నకుమారుని కుమార్తె. నింద మోపిన వేరొక బాలిక మెర్సీ లూయిసు, యుద్ధములలో తనవారిని పోగొట్టుకొని, ఒకప్పుడు బరోసు ఇంటనే ఆశ్రయము పొందినది.

అప్పటికాయన వెల్సు అను సరిహద్దు గ్రామమున ఉండెను. ఆయనను పట్టి తెచ్చి మే 9 వ తేదీన విచారించిరి. మొదట నడిగిన ప్రశ్నలలో మంత్రప్రయోగము మాటయే లేదు. ప్రభుభోజన సంస్కారమును కడపట ఎన్నడు గైకొంటివని యడిగిరి, చెప్పలేకపోయెను. పెద్దబిడ్డకు తప్ప తక్కినవారికి బాప్తిస్మము జరుగలేదని ఒప్పుకొనెను. మనుష్యుని శీలమును అతని ఆచారములచేతనే కొలుచువారు ఏ దేశమున నున్నను ఒక్కటియే. ఆచారము తప్పినవాడు ఏ పాపమైనను చేయగలడని వారు నిశ్చయించుకొనిరి.

ఆగష్టు 5 వ తేదీన ప్రత్యేక న్యాయస్థానమున విచారణ జరిగెను. చనిపోయిన ఇద్దరు భార్యలు ప్రేతరూపమున కనబడి, భర్తయే తమ్ము చంపెనని చెప్పినట్లు బాలికలు సాక్ష్యమిచ్చిరి. తమకు తప్ప నెవ్వరికిని కనబడని బరోసు ఛాయారూపము తమ్ము కరచుచున్నదనిరి. నిందితుడు ఆ వేళ ఎచ్చట నుండెనో విచారింప బనిలేదు. ఛాయారూపము ఎచ్చటికైనను పోగలదు గదా! ఇట్టి సాక్ష్యమును ఖండించుటకు లోకమున ఏ మనుష్యునకును సాధ్యము కాదు. పెద్ద తుపాకిని గొట్టమున నొక వ్రేలుంచి యెత్తెనను సంగతియు దయ్యపు బలమునకు నిదర్శనమయ్యెను. అప్పుడచ్చట నున్న ఆదిమజాతివాడొకడు కూడ అట్లే యెత్తెనని బరోసు చెప్పగా, ఆ రెండవవాడు సైతానే యైయుండునని తీర్మానించిరి.

ఇంకొక సంగతి కలదు. మా యభిప్రాయమున ఈ చరిత్రములో నిదియే ముఖ్యమైనది. బరోసు జూరీవారి చేతికి ఒక కాగితము నిచ్చెను. సైతానుతో ఒడంబడిక చేసికొని, దూరముననున్నవారిని బాధించుటకు దయ్యములను పంపగల మాంత్రికులు ఎన్నడును లేరని అందు వ్రాయబడి యుండెను. ఆ వాక్యములు ఆంగ్లదేశీయుడగు తామస్ ఏడి గ్రంథములోనివని న్యాయాధిపతులు కనిపెట్టిరి. ఎచ్చటనుండి వ్రాసికొంటివని నిలదీసిరి. తాను గ్రంథమునుండి తీయలేదని మొదట పలికి, పిదప ఒక పెద్దమనిషి ఇచ్చిన వ్రాతప్రతినుండి తీసితినని చెప్పుటచే ఆయనకు మరింత కీడయ్యెను. ఆ మాటలు ఎవరివని యడిగిన విద్వాంసులలో, అవి నిజమా కాదా యని యడిగినవాడు లేడయ్యెను.

నేరమొప్పుకొని ఆ మాటపై నిలిచినవారిని ఆ యేట ఉరితీయలేదు, కాదన్నవారినే తీసిరి. ప్రాణభయముచే బరోసుమీదను తన తాతమీదను అబద్ధపు సాక్ష్యమిచ్చిన మార్గరెట్ జేకబ్సు అను కన్య, పశ్చాత్తాపముచే ఆ మాటను వెనుకకు తీసికొని, ఉరికి ముందుదినమున చెరసాలలో ఆయనను క్షమాపణ వేడెను. ఆయన క్షమించి, ఆమె కొరకు ప్రార్థించెను.

ఆగష్టు 19 వ తేదీన మరి నలుగురితో ఆయనను బండిలో తీసికొనిపోయిరి. నిచ్చెనపై నిలిచి తన నిర్దోషత్వమును చెప్పి, క్రీస్తు నేర్పిన ప్రార్థనను తడబడక తుదిముట్ట చెప్పెను. మంత్రగాడు ఆ ప్రార్థనను తప్పులేక చెప్పలేడని ఆ జనుల విశ్వాసము. కావున అనేకులు కన్నీరు విడిచిరి. ఉరి ఆగునేమోయని కూడ తోచెను. అప్పుడు గుఱ్ఱముమీద నున్న కాటన్ మాథరు అను ప్రసిద్ధబోధకుడు, సైతాను దేవదూతవలె వేషము వేయగలడని జనులకు బోధించెను. తాము పెట్టిన పరీక్షలో గెలిచినవానికి ఆ గెలుపే నేరమయ్యెను. ఉరితీసిన పిదప మెడత్రాటితో నీడ్చి, లోతులేని గోతిలో పడవైచిరని రాబర్టు కేలెఫు తన గ్రంథమున వ్రాసియున్నాడు.

ఆ యేట పందొమ్మండ్రు ఉరితీయబడిరి. ఒక వృద్ధుని బరువులతో నొక్కి చంపిరి. చెరలోనే చనిపోయినవారు వేరు. అక్టోబరులో గవర్నరు ఆ న్యాయస్థానమును రద్దుచేసెను. హార్వర్డులో బరోసు తరువాతి సంవత్సరమున పట్టము పొంది, ఆ న్యాయాధిపతులలో నొకడైన సామ్యూల్ సూయలు, 1697 లో బోస్టను దేవాలయమున అందరియెదుట నిలువబడి, తన తప్పిదమును పత్రమూలమున చదివించెను. 1706 లో ఆన్ పుట్నము సైతము సంఘమునెదుట అట్లే నిలిచినది. ఆమెను మేము నిందింపజాలము. ఆమె అప్పుడు పసిపిల్ల, నమ్మిన పెద్దలు పెద్దవారు.

1711 లో ప్రభుత్వము శిక్షను కొట్టివేసి, బరోసు బిడ్డలకు 50 పౌనులు మంజూరు చేసెను. ఉరితీసిన స్థలము ఇంతకాలమునకు 2016 లో నిశ్చయింపబడగా, 2017 లో అచ్చట ఒక స్మారకమును కట్టి, పందొమ్మండ్ర పేర్లను శిలలపై చెక్కిరి. వానిలో బరోసు పేరును కలదు.