గోల్కొండ చౌరస్తాలో ఒక ఇంజినీరు: సహోదరుడు భక్త సింగ్ జీవితం

హైటెక్ సిటీ స్టేషనులో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో బండి మారి, ముషీరాబాద్‌లో దిగితే గోల్కొండ చౌరస్తా దగ్గరే. అక్కడ హెబ్రోను అనే పేరుగల ప్రార్థనా ప్రాంగణం ఒకటి ఉంది. మనది కాదు కనుక మనలో చాలామంది లోపలికి వెళ్ళి ఉండరు. కాని తెలుగు దేశంలో క్రైస్తవులై ఉండి హెబ్రోను పేరు వినని కుటుంబం అరుదు. మీ బంధువుల్లోనే ఎవరో ఒకరు అక్కడి కూటాలకు వెళ్ళి, అక్కడి పాటలు నేర్చుకొని వచ్చి ఉంటారు. క్రైస్తవ ఐక్యత కోసం తిరుసభ ప్రత్యేకంగా ప్రార్థించే జనవరి 18 నుంచి 25 వరకు గల దినాలను మనసులో ఉంచుకొని, ఈ వారం ఆ ప్రాంగణాన్ని స్థాపించిన మనిషిని గురించి తెలుసుకుందాం.

ఆయన తెలుగువాడు కాదు. 1903 జూన్ 6న అవిభక్త పంజాబులోని జోయియా అనే గ్రామంలో, భక్తిగల సంపన్న కుటుంబంలో జన్మించారు. ఆ ప్రాంతం ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. తండ్రి జవహర్ మల్, తల్లి లక్ష్మీబాయి. సిక్కు సంప్రదాయంలో పెరిగారు. మిషన్ పాఠశాలలో చదువుకున్నా క్రైస్తవం అంటే ఆయనకు గిట్టేది కాదు. బహుమతిగా ఇచ్చిన బైబిలును చింపివేసి, అందమైన తోలు అట్టను మాత్రం దాచుకున్నానని పెద్దయ్యాక ఆయనే సిగ్గుపడుతూ సాక్ష్యం చెప్పేవారు.

లాహోరులో డిగ్రీ పూర్తయ్యాక ఇంగ్లండు వెళ్ళి ఇంజినీరింగ్ చదవాలనుకున్నారు. ఇంట్లో ఒప్పుకోలేదు. చివరికి తల్లి ఒక మాట తీసుకొని పంపడానికి అంగీకరించింది. పరాయి దేశంలో మతం మార్చుకోకూడదు, అంతే. కొడుకు మాట ఇచ్చాడు. 1926లో లండను చేరి కింగ్స్ కళాశాలలో చేరాడు.

మీ పిల్లలు డల్లాసులోనో మెల్బోర్న్‌లోనో ఉన్నారా? అయితే తర్వాతి కథ మీకు కొత్తగా తోచదు. లండను వెళ్ళిన కుర్రవాడు మొదట జుట్టు, గడ్డం తీయించుకున్నాడు. సిగరెట్టు, మద్యం అలవాటయ్యాయి. ఖరీదైన దుస్తులు, ఐరోపా అంతా విహారాలు. తల్లికి ఇచ్చిన మాట నిలబెట్టాడు, క్రైస్తవుడు కాలేదు. కాని తన సొంత మతమూ చేయి జారిపోయింది. పరాయి దేశంలో విశ్వాసం పోవడానికి మతం మారనక్కర లేదని, ఎవరూ గమనించకుండా మెల్లగా కూడా పోతుందని దీనివల్ల మనకు తెలుస్తుంది.

1928లో సెలవులకు ఓడమీద కెనడా బయలుదేరారు. ఓడలో ఆదివారం క్రైస్తవ ఆరాధన జరుగుతుందని తెలిసి, ఎలా ఉంటుందో చూద్దామని వెళ్ళి కూర్చున్నారు. కొంతసేపటికి అందరూ మోకరించారు. ఆయనకు లేచి వెళ్ళిపోవాలనిపించింది. దేశాభిమానం, కులాభిమానం, చదువుకున్నవాడినన్న గర్వం అడ్డం వచ్చాయి. కాని అంతమంది ప్రార్థిస్తుండగా లేచిపోవడం మర్యాద కాదని, తానూ మోకరించారు. ఆ క్షణంలో తన లోపల ఏదో కదిలిందని, చెప్పలేని సంతోషం కలిగిందని ఆయన జీవితాంతం చెప్పేవారు. మర్యాద కోసం మడిచిన మోకాలును సైతం దేవుడు తన పనికి వాడుకున్నాడు.

మరుసటి ఏడు ఆయన వ్యవసాయ ఇంజినీరింగ్ చదవడానికి కెనడాలోని విన్నిపెగ్ నగరానికి మారారు. 1929 డిసెంబరులో ఒక స్నేహితుని అడిగి చిన్న నూతన నిబంధన పుస్తకం తీసుకొని చదవడం మొదలుపెట్టారు. ఒకప్పుడు చింపిన పుస్తకాన్ని ఇప్పుడు కింద పెట్టలేకపోయారు. ఆ నెల 16వ తేదీని తన మారుమనసు దినంగా ఆయన లెక్కించేవారు. 1932 ఫిబ్రవరి 4న వాంకూవరులో జ్ఞానస్నానం పొందారు. ఇంజినీరింగ్ కొలువు ఆలోచన విడిచి, స్వదేశానికి వెళ్ళి సువార్త చెప్పాలని నిశ్చయించుకున్నారు.

1933 ఏప్రిల్ 6న బొంబాయిలో ఓడ దిగారు. ఏడేళ్ళ తర్వాత వస్తున్న కొడుకును చూడడానికి తల్లిదండ్రులు పంజాబు నుంచి వచ్చారు. సంగతి వారికి అంతకు ముందే తెలుసు. వారు కోపగించలేదు, కొట్టలేదు, తిట్టలేదు. ఒక్కటే బతిమాలారు. నీ విశ్వాసం నీ మనసులో ఉంచుకో, ఊళ్ళో ఎవరికీ చెప్పకు, ఇంటి పరువు కాపాడు అన్నారు. ఊపిరి పీల్చకుండా ఎలా బతకలేనో క్రీస్తును దాచిపెట్టి అలా బతకలేనని కొడుకు బదులు చెప్పాడు. తల్లిదండ్రులు ఆయనను బొంబాయిలోనే విడిచి వెళ్ళిపోయారు.

ఈ ఘట్టం దగ్గర మనం కాస్త ఆగాలి. తల్లికి ఇచ్చిన మాట తప్పాడన్నది నిజం. ఆ తల్లి దుఃఖం చిన్నది కాదు. దానిని తేలికచేసి చెప్పడం మనకు తగదు. కాని వారు అడిగింది నేడు మనల్ని ఎవరూ అడగకుండానే మనం చేస్తున్న పనే కాదా? మాదాపూర్ ఆఫీసులో పక్క కుర్చీలో ఐదేళ్ళుగా కూర్చుంటున్న స్నేహితునికి మనం కథోలికులమని తెలుసా? భోజనాల బల్ల దగ్గర సిలువ గుర్తు వేసుకోవడానికి చేయి నుదుటిదాకా వెళ్ళి, తల సవరించుకొన్నట్టు కిందికి దిగిన సందర్భాలు మీకు లేవా? ఈ రాసేవాడికి ఉన్నాయి.

చేతిలో డబ్బు లేదు, ఉండడానికి ఇల్లు లేదు. ఆయన బొంబాయి వీధుల్లో, తర్వాత కరాచీలో బోధించారు. పారిశుధ్య పనివారి బస్తీల్లో ఎక్కువగా తిరిగారు. రెండు నియమాలు పెట్టుకున్నారు. ఏ సంస్థ దగ్గరా జీతం తీసుకోకూడదు. తన అవసరం ఏ మనిషికీ చెప్పకూడదు, దేవునికే చెప్పాలి. 1937లో పంజాబులోని మార్టిన్‌పూర్ అనే క్రైస్తవ గ్రామంలో ఆయన కూటాలవల్ల గొప్ప ఉజ్జీవం కలిగింది. అప్పటినుంచి ఉత్తరాది, దక్షిణాది సంఘాలు ఆయనను పిలవసాగాయి.

మద్రాసులో వేలాదిమంది ఆయన మాటలు విన్నారు. అయితే ప్రోటెస్టెంటు సంఘాల నాయకులకూ ఆయనకూ క్రమంగా పొసగలేదు. అప్పుడు ఆయనా, కొందరు సహచరులూ పల్లావరం దగ్గర కొండమీద రాత్రంతా ప్రార్థనలో గడిపారు. 1941 జులైలో మద్రాసులో యెహోవా షమ్మా అనే పేరుతో సొంత సహవాసం ప్రారంభమైంది. యెహెజ్కేలు గ్రంథం ముగింపులో వచ్చే పేరది. ప్రభువు అక్కడ ఉన్నాడని దాని అర్థం.

తర్వాత హైదరాబాదు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి, నిజాం పాలన ముగిసి, నగరం ఇంకా కుదురుకోని రోజులు. 1950లో గోల్కొండ చౌరస్తాలో హెబ్రోను మొదలైంది. అప్పటికి ఆయన వయసు 47. మిగిలిన యాభై ఏళ్ళూ ఆ ప్రాంగణమే ఆయన ఇల్లు. ఒక పంజాబీ మనిషి తెలుగువారి మధ్య స్థిరపడి, తర్జుమా చేసేవారి సాయంతో మాట్లాడుతూ ఇంత పెద్ద కుటుంబాన్ని ఎలా కట్టగలిగారు?

జవాబు సులువైనదే. ఆయన ప్రజలను కలిపి కూర్చోబెట్టారు, కలిపి పాడించారు, కలిపి భోజనం పెట్టించారు. హెబ్రోనులో ధనికులకు కుర్చీ, పేదలకు నేల అనే తేడా లేదు. అందరికీ చాపలే. ఆదివారం ఆరాధన గంటలకొద్దీ సాగేది. అయ్యాక ఎవరూ ఇళ్ళకు పరుగెత్తేవారు కాదు. ప్రేమ విందు పేరుతో బారులు తీరి కూర్చొని ఒకే అన్నం, ఒకే కూర తినేవారు. పక్కన కూర్చున్నది ఏ కులమో అడగకుండా తినడం 1950లో మన ఊళ్ళలో చిన్న సంగతి కాదు. నేటికీ కాదు. ఆయనకు బిరుదులు లేవు. అందరూ సహోదరుడు అనే పిలిచేవారు. ఏటా జరిగే పరిశుద్ధ సమాజ కూటాలకు దేశం నలుమూలలనుంచి వేలమంది వచ్చి రోజుల తరబడి ఉండేవారు. వారందరికీ ఉచితంగా వంట జరిగేది. కూరలు తరిగేవారు, గిన్నెలు తోమేవారు, పందిళ్ళు వేసేవారు అందరూ విశ్వాసులే. విరాళాలకు ప్రకటనలు ఉండేవి కావు. పాటలు పాడుకుంటూ, వాక్యాలు రాసిన పలకలు పట్టుకొని నగర వీధుల్లో ఊరేగింపులు చేసేవారు. ఆయన మాత్రం ఎక్కువ సమయం మోకాళ్ళమీద, తెరిచిన బైబిలు ముందు గడిపేవారు.

ఇటువంటి సంగతి ఇతర చోట్లా జరిగింది. పద్దెనిమిదో శతాబ్దంలో పోలండు రాజ్యంలో భాగమైన పొదోలియా ప్రాంతంలో, ఇప్పటి ఉక్రెయిన్‌లో, ఇస్రాయేల్ బెన్ ఎలియేజెర్ అనే యూదు బోధకుడు ఉండేవారు. ప్రజలు ఆయనను బాల్ షెమ్ తోవ్ అని పిలిచేవారు. పాండిత్యం లేని పేద యూదుల కోసం ఆయన ప్రార్థనలో ఆనందాన్ని, పాటను, ఏకాగ్రతను తెచ్చారు. 1760లో ఆయన మరణించాక శిష్యుల ద్వారా హసీదీ సమాజాలు విస్తరించాయి. గురువు చుట్టూ ఒకే బల్ల దగ్గర కూడి తిని పాడడం వాటికి గుర్తు. మనకు అస్సీసీ ఫ్రాన్సిసు ఉన్నారు. మతాలు వేరు, కాలాలు వేరు. కాని దేవుని కోసం ఆకలిగొన్న మనిషి ఒంటరిగా తిని తృప్తిపడడని మూడు జీవితాలూ చెబుతున్నాయి.

సత్యం దాచకూడదు కనుక మరో మాట. భక్త సింగ్ బోధ మన బోధ కాదు. గురుపట్టాభిషేకం, పసిబిడ్డల జ్ఞానస్నానం, పునీతుల వేడుదల, పేతురు వారసుని అధికారం ఆయన అంగీకరించినవి కావు. సంఘాలకు పై అధికార నిర్మాణం అక్కరలేదన్న ఆయన అభిప్రాయం, ఆయన చివరి సంవత్సరాల్లోను, ఆ తర్వాతను, సొంత సహవాసానికే కష్టం తెచ్చిపెట్టింది. నాయకత్వం విషయంలో సహోదరుల మధ్య చీలికలు వచ్చాయి. అపొస్తలుల కాలంనుంచి వస్తున్న వారసత్వం ఎందుకు అవసరమో మనకు ఇక్కడ అర్థమవుతుంది. అయినా 1964లో రెండవ వాటికన్ మహాసభ వెలువరించిన క్రైస్తవ ఐక్యతా పత్రం, మనకు దూరమైన సహోదరులలో కనిపించే మేలును సంతోషంగా గుర్తించమని మనకు నేర్పింది. మేలును గుర్తించినంత మాత్రాన మన విశ్వాసం పలచబడదు.

చివరి సంవత్సరాలు ఆయనకు శ్రమదినాలు. పార్కిన్సన్ వ్యాధి శరీరాన్ని మంచాన పడేసింది, గొంతును మూగబరిచింది. ఆ మంచం చుట్టూ సహోదరులు వంతులవారీగా సేవ చేశారు. 2000 సెప్టెంబరు 17న, 97 ఏళ్ళ వయసులో హెబ్రోనులో కన్నుమూశారు. 22వ తేదీన జరిగిన అంత్యక్రియలకు వచ్చిన జనంతో దారులన్నీ నిండిపోయాయి. నారాయణగూడ క్రైస్తవ శ్మశానంలో ఆయనను సమాధి చేశారు.

ఆయన మరణానికి రెండేళ్ళ ముందు, 1998 నవంబరు 22న, అదే నగరానికి మరో కొసన సైబర్ టవర్స్ ప్రారంభమైంది. వేలాది ఇంజినీర్లు అక్కడికి తరలివచ్చారు. వారిలో మన బిడ్డలూ ఉన్నారు. గుంటూరునుంచి, వరంగల్లునుంచి, ఖమ్మంనుంచి, కడపనుంచి వచ్చి గచ్చిబౌలిలో, కొండాపూర్‌లో పద్నాలుగో అంతస్తులో కాపురం పెట్టారు. ఎదురింటివారి పేరు తెలియదు. ఆదివారం దివ్యపూజ అయీ కాకముందే కారు తాళాలు చేతిలో గలగలమంటాయి. తర్వాత ఒకనాడు ఇంట్లో కుర్రవాడు వేరే కూటాలకు వెళ్తున్నాడని తెలిసి మనం బాధపడతాం. అక్కడ తన పేరు పెట్టి పలకరించేవారున్నారని ఆ కుర్రవాడు అంటే మన దగ్గర జవాబుండదు. దివ్యసత్ప్రసాదం అనే మహా విందు మన దగ్గర ఉంది. దానినుంచి లేచివచ్చాక పక్కవాడిని చూడకుండా వెళ్ళిపోతే తప్పు విందుది కాదు, మనది.

ప్రియ పాఠకులారా, ఈ ఆదివారం ఒక చిన్న పని చేయండి. పూజ ముగిశాక పది నిమిషాలు ఆగండి. ప్రతి వారం మీ వెనక బెంచీలో కూర్చునే కుటుంబం పేరు అడగండి. ఊరికి కొత్తగా వచ్చి హాస్టలులో ఉంటున్న పిల్ల ఎవరైనా కనిపిస్తే మధ్యాహ్నం భోజనానికి పిలవండి. మీరు తినే అన్నం, మీరు తినే పప్పే చాలు. అపొస్తలుల కార్యాల గ్రంథంలోని తొలి విశ్వాసుల ఇళ్ళలో జరిగినది కూడా ఇంతే. మన ఇళ్ళలోనూ అది జరిగేలా ప్రభువు మనకు తోడ్పడును గాక.