కట్టెకాలి కార్టూనిస్టు ఆల్ కాప్

మన ఎల్దుర్తి హాస్టల్లో మా గదిలో పోలియో వచ్చిన ఒక మిత్రుడు ఉండేవాడు. ఆటల పీరియడ్‌లో గోడకు ఆనుకొని మా అందరి బొమ్మలు గీసేవాడు. ఆల్ కాప్ గురించి చదివినప్పుడు వాడే గుర్తుకొచ్చాడు.

ఆల్ కాప్ 1909 సెప్టెంబర్ 28న అమెరికాలోని న్యూ హేవెన్‌లో పేద యూదు కుటుంబంలో జన్మించారు. అసలు పేరు ఆల్‌ఫ్రెడ్ కాప్లిన్. తొమ్మిదేళ్ల వయసులో ట్రామ్ బండి కిందపడి ఎడమ కాలు మోకాలి పైవరకు పోయింది. ఇక కట్టెకాలే. అయినా పదిహేనేళ్ల ప్రాయంలో స్నేహితునితో కలిసి, దారిన పోయే బండ్లను ఆపి ఎక్కుతూ దక్షిణాది పల్లెలు తిరిగారు. అక్కడ చూసిన మనుషులే 1934లో మొదలైన లిల్ ఆబ్నర్ బొమ్మల కథలో పాత్రలయ్యారు. అది 1977 వరకు, 43 ఏళ్లు నడిచింది.

చిత్రకళా పాఠశాలలో చేరడం, ఫీజు అడిగేసరికి ఇంకో దాంట్లోకి మారడం! స్కాలర్‌షిప్ కోసం ఎదురుచూసిన మనకు ఆ బాధ వేరే చెప్పాలా?

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, ఆ తరువాత కూడా, ఆయన స్వచ్ఛందంగా ఆసుపత్రులకు వెళ్లేవారు. కాళ్లు, చేతులు పోయిన సైనికులను నవ్వించేవారు. ఆరోగ్యవంతుడు చెప్పే ఓదార్పు వేరు, కట్టెకాలుతో నడిచొచ్చినవాడు చెప్పేది వేరు. అలాంటి సైనికుల కోసమే 1946లో తన కథను బొమ్మల పుస్తకంగా గీస్తే రెడ్‌క్రాస్ పంచిపెట్టింది.

ఒక విద్యార్థిని ఫిర్యాదు చేసిన కేసులో 1972లో కోర్టు ఆయనకు జరిమానా వేసింది. ఇది దాచి రాయడం నాకిష్టం లేదు. 1979 నవంబర్ 5న మరణించారు.

ఆ రెడ్‌క్రాస్ పుస్తకం దొరికితే మొదట మా మిత్రునికే చూపించాలని ఉంది.