మొగలి చెట్టు కింద ఫాదర్ డామియన్



కిందటేడు వానాకాలంలో నాకు గజ్జి పట్టింది. నా ట్రంకు పెట్టె వరండా చివరికి పోయింది. భోజనాల దగ్గర నా పక్కన ఎవరూ కంచం పెట్టలేదు. నేనేం తప్పు పట్టడం లేదు, వేరేవాళ్ళకి వస్తే నేనూ అదే చేసేవాణ్ణి. ఆరో తరగతి తమ్ముడొకడు మాత్రం ఎవరూ చెప్పకుండానే రోజూ వేపాకు నీళ్ళు కాచి తెచ్చి పెట్టేవాడు. అప్పుడే అనుకున్నాను, మన గోడ పత్రికలో ఫాదర్ డామియన్ గారి జీవితం రాయాలని.

ఆయన అసలు పేరు జోసెఫ్. 1840 జనవరి 3న బెల్జియం దేశంలో ట్రెమెలో అనే పల్లెలో పుట్టారు. వాళ్ళది సేద్యం, ధాన్యం వ్యాపారం చేసే ఇల్లు. అన్న పాంఫీల్ ముందే మఠంలో చేరాడు. వెనకాలే తమ్ముడూ వెళ్ళి డామియన్ అని పేరు పెట్టుకున్నాడు. అయితే గురువు కావాలంటే లాటిన్ రావాలి. ఈయనకు చదువు తక్కువ, పనికిరాడని పెద్దలు అనుకున్నారు. అన్న దగ్గర కూర్చుని కొంచెం కొంచెంగా నేర్చుకున్నారు. (మనలో ఇంగ్లీషు అంటే భయపడేవాళ్ళు ఇది గమనించాలి!)

పసిఫిక్ సముద్రంలో ఉన్న హవాయి దీవులకు అన్న వెళ్ళవలసి ఉంది. ప్రయాణానికి ముందు రోగులకు సేవ చేస్తుంటే ఆయనకే విషజ్వరం వచ్చి మంచాన పడ్డాడు. బదులుగా నన్ను పంపండి అని తమ్ముడు పై అధికారికి ఉత్తరం రాశాడు. ఓడలో నెలల తరబడి ప్రయాణం చేసి 1864 మార్చి 19న హొనొలులు చేరారు. ఆ మే నెలలోనే గురువు అయ్యారు. తొమ్మిదేళ్ళపాటు ఊరూరా తిరిగి, సుత్తి, రంపం తానే పట్టి చిన్న చిన్న గుళ్ళు కట్టారు.

ఆ రోజుల్లో హవాయిలో కుష్ఠు వ్యాధి బాగా వ్యాపించింది. మందు లేదు. 1866 నుంచి ప్రభుత్వం రోగుల్ని పట్టి మొలొకాయి అనే దీవిలో ఒక మూలకు పంపేది. మూడు వైపులా సముద్రం, నాలుగో వైపు నిట్టనిలువు కొండ. భార్య ఒకచోట, భర్త ఒకచోట, పిల్లలు ఇంకోచోట. అక్కడికి ఎవరు వెళ్తారని 1873లో బిషప్ గారు అడిగితే నలుగురు ముందుకొచ్చారు. వంతులవారీగా వెళ్ళాలని అనుకున్నారు. మొదటి వంతు డామియన్ గారిది. మే 10న దిగారు. రెండో వంతు రానే లేదు, ఈయన తిరిగి వెళ్తేగా!

ఉండటానికి ఇల్లు లేక మొదట్లో కొన్ని వారాలు ఒక మొగలి జాతి చెట్టు కింద పడుకున్నారు. అప్పటికి ఆయన వయసు 33.

అందరూ ఆయన్ని వీరుడు అంటారు గానీ నాకు నచ్చింది వేరే సంగతి. ఆయన మనసు ఒప్పుకుంది, ఒళ్ళు ఒప్పుకోలేదు. పుండ్ల వాసనకు కడుపులో తిప్పేది. గుడిలో ప్రార్థన మధ్యలో బయటికి వెళ్ళి గాలి పీల్చుకుని మళ్ళీ లోపలికి వచ్చేవారు. ఆ వాసన పోవడానికి పొగాకు పైపు అలవాటు చేసుకున్నారు. (వార్డెన్ గారు క్షమించాలి, ఉన్నది రాశాను.) అయినా మర్నాడు పొద్దున్నే మళ్ళీ కట్లు కట్టడానికి కూర్చునేవారు.

అక్కడ చేసినవన్నీ చిల్లర పనులే. నడవలేనివాళ్ళు దూరం నుంచి నీళ్ళు మోసుకోలేక స్నానం కూడా మానేశారు. ఆయన ప్రభుత్వాన్ని అడిగి గొట్టాలు తెప్పించారు. బలం ఉన్న రోగుల్ని కూడగట్టుకుని లోయలోంచి ఊళ్ళోకి నీళ్ళు తెచ్చారు. బోరింగు దగ్గర బిందె పట్టుకుని క్యూలో నిలబడే మనకు ఆ నీళ్ళ విలువ వేరే చెప్పక్కర్లేదు. గడ్డి గుడిసెలు తీసి చెక్క ఇళ్ళు వేయించారు. తల్లిదండ్రులు లేని పిల్లలకు వసతి పెట్టారు, వాళ్ళతో బ్యాండు మేళం కూడా నడిపించారు. చచ్చిపోయినవాళ్ళను అంతకుముందు లోతులేని గుంటల్లో పెట్టేవారు, పందులూ కుక్కలూ తవ్వేవి. ఆయన శ్మశానానికి కంచె వేశారు. శవపేటికలు తన చేత్తోనే చేసేవారు, 600 దాకా చేశారని చెబుతారు.

అక్కడివాళ్ళ తిండి చేమదుంప ముద్ద. అందరూ ఒకే గిన్నెలో వేళ్ళు పెట్టి తినడం వాళ్ళ మర్యాద. ఆయనా అదే గిన్నెలో తిన్నారు.

ఒకటి మాత్రం ఆయన్ని బాగా బాధపెట్టింది. ప్రభుత్వం రాకపోకలు ఆపేసింది. ఒకసారి పై అధికారి ఓడలో వస్తే ఈయన్ని ఓడ ఎక్కనివ్వలేదు. చిన్న పడవలో నిలబడి, తన పాపాలను ఫ్రెంచి భాషలో కేక వేసి చెప్పుకోవలసి వచ్చింది. ఆయనకు మొండితనం, కోపం కూడా ఎక్కువే. సామాన్ల కోసం పై వాళ్ళతో చాలాసార్లు గొడవపడ్డారు. గొడవ పడకపోతే గొట్టాలూ, చెక్కలూ వచ్చేవి కావేమో.

1884 డిసెంబరులో ఒకరోజు కాలు మరిగే నీళ్ళలో పెట్టారు. చర్మం బొబ్బలెక్కింది గానీ నొప్పి తెలియలేదు. వ్యాధి తనకూ వచ్చిందని అర్థమైంది. అయినా సుత్తి కింద పెట్టలేదు. 1886లో డట్టన్ అనే అమెరికా ఆయన, 1888లో మదర్ మేరియాన్ గారూ, మరికొందరు సిస్టర్లూ తోడు వచ్చారు. పిల్లల్ని వాళ్ళకు అప్పగించి 1889 ఏప్రిల్ 15న, 49వ ఏట కన్నుమూశారు. మొదట్లో పడుకున్న ఆ మొగలి చెట్టు దగ్గరే సమాధి చేశారు.

ఇంకో మాట. ఆయన మొలొకాయి వెళ్ళిన 1873లోనే నార్వేలో హాన్సెన్ అనే డాక్టరు ఈ వ్యాధి క్రిమిని కనిపెట్టారు. మందులు మాత్రం 1940 తర్వాతే వచ్చాయి. ఇప్పుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇచ్చే మాత్రలు ఆరు నెలలో, ఏడాదో వాడితే నయమైపోతుంది. స్పర్శ తెలియని మచ్చ ఒంటి మీద ఎవరికైనా ఉంటే సిగ్గుపడకుండా చూపించుకోవాలి.

1936లో బెల్జియం వాళ్ళు ఆయన శరీరాన్ని ఓడలో స్వదేశానికి తీసుకెళ్ళారు. మొలొకాయి వాళ్ళకు ఆ బాధ ఉండిపోయింది. 2009లో పునీతుడని ప్రకటించారు. అంతకన్నా ముందే, 1995లో ఆయన కుడి చేతి ఎముకలు మాత్రం తిరిగి మొలొకాయికి పంపారు. కట్లు కట్టిన చెయ్యి, రంపం పట్టిన చెయ్యి. పాత సమాధిలోనే దాన్ని పెట్టుకున్నారు.