జాన్ ఎవరెట్ క్లౌ

జాన్ ఎవరెట్ క్లౌ (1836 జూలై 16 – 1910 నవంబరు 24) ఒంగోలు కేంద్రంగా పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పనిని గుత్తకు తీసుకొని వేలాదిమందికి కూలి కల్పించాడు. కూటి కోసం మతం మారారన్న అపవాదు రాకూడదని, కరువు సహాయం ముగిసేవరకు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఇది గమనింపదగిన నిగ్రహం.

1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. వీరిలో అత్యధికులు మాదిగలు. బాప్టిస్టు సంప్రదాయంలో శిశువులకు బాప్తిస్మం లేదు. విశ్వాసాన్ని ఒప్పుకున్నవారినే తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామమున పూర్తిగా నీటిలో ముంచుతారు. మునగడం పాత జీవితపు మరణానికి, సమాధికి సంకేతం. పైకి లేవడం క్రీస్తుతో పునరుత్థానానికి సంకేతం. ఆనాడు ఈ క్రతువును ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మారుతూ జరిపారు. క్లౌ స్వయంగా ఒక్కరికీ ఇవ్వలేదు.