అద్దె తుపాకులతో మొదలైన మూసా రామ్

ఉప్పల్ నుంచి రామంతాపూర్, అంబర్‌పేట మీదుగా దిల్‌సుఖ్‌నగర్ వైపు వెళ్ళేవాళ్ళకి మూసారాంబాగ్ బ్రిడ్జి బాగా తెలుసు. మూసీకి పెద్ద వరద వస్తే దాన్ని మూసేసేవాళ్ళు. నాచారంలో మా రూమ్ నుంచి ఆ దారిలో చాలాసార్లు వెళ్ళాను. మూసా రామ్ అంటే ఎవరో పాతకాలం జమీందారు అయ్యుంటాడని అనుకునేదాన్ని. కాదట! ఆయన ఒక ఫ్రెంచ్ సైనికుడు. అసలు పేరు మిషెల్ జోకిమ్ మారీ రేమండ్. ఇక్కడి హిందువులు మూసా రామ్ అని, ముస్లింలు మూసా రహీమ్ అని పిలుచుకున్నారు. రెండు మతాలవాళ్ళూ మనవాడే అనుకున్న పరాయి దేశస్థుడి కథ ఇది.

రేమండ్ 1755లో ఫ్రాన్స్‌లోని గాస్కనీ ప్రాంతంలో పుట్టాడు. 1775లో, అంటే ఇరవై ఏళ్ళకి, వ్యాపారం చేద్దామని పుదుచ్చేరి వచ్చాడు. కానీ వ్యాపారం వదిలేసి సైన్యంలోకి వెళ్ళిపోయాడు. కొంతకాలం మైసూరులో హైదర్ అలీ వైపు పనిచేశాడు. తర్వాత ఫ్రెంచ్ సేనాని బుస్సీ దగ్గర చేరాడు. 1785లో బుస్సీ చనిపోయాక, 1786లో హైదరాబాద్ నిజాం అలీ ఖాన్ కొలువుకి వచ్చాడు.

అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. ఆయన కింద మొదట ఉన్నది 300 మంది. వాళ్ళకి సొంత తుపాకులు కూడా లేవు. ఒక ఫ్రెంచ్ వ్యాపారి దగ్గర తుపాకి ఒక్కింటికి నెలకి 8 అణాల చొప్పున అద్దెకి తెచ్చాడు. మనం ట్రిప్‌కి బైక్ అద్దెకి తీసుకున్నట్టు, ఆయన యుద్ధానికి తుపాకులు అద్దెకి తీసుకున్నాడన్నమాట.

ఇందులో కష్టం ఎంతో తెలియాలంటే అప్పటి తుపాకి ఎలా పనిచేసేదో కొంచెం చూడాలి. కాగితంలో కొలిచిన మందు, ఒక సీసపు గుండు చుట్టి ఉంచేవాళ్ళు. సిపాయి ఆ కాగితాన్ని పంటితో చింపి, మందూ గుండూ గొట్టంలో వేసి, కడ్డీతో లోపలికి కూరేవాడు. ట్రిగ్గర్ నొక్కితే చెకుముకి రాయి ఉక్కుకి తగిలి నిప్పురవ్వ రావాలి. రాయి అరిగితే రవ్వ రాదు. వానాకాలంలో మందు చెమ్మగిల్లితే రవ్వ వచ్చినా పేలదు. నాలుగు షాట్లు కాల్చేసరికి గొట్టం లోపల మసి పేరుకుంటుంది. అందుకే గుండుని గొట్టం కన్నా కాస్త చిన్నదిగా పోసేవాళ్ళు. మరీ చిన్నదైతే గురి తప్పుతుంది, సరిగ్గా పట్టేటంత ఉంటే మసిలో ఇరుక్కుంటుంది.

ఇంగ్లీషువాళ్ళ తుపాకి గొట్టం, ఫ్రెంచివాళ్ళ తుపాకి గొట్టం ఒకే సైజు కాదు. రెండూ కలిసిపోయిన దళంలో ఒకరి గుండ్లు ఇంకొకరికి సరిగ్గా సరిపోవు. మన భాషలో చెప్పాలంటే పక్కా వెర్షన్ మిస్‌మ్యాచ్. కాకపోతే ఇక్కడ ఎర్రర్ మెసేజ్ రాదు, ఎదుటివాడి గుండు వస్తుంది.

కొత్త తుపాకినైనా నేరుగా సిపాయి చేతికి ఇచ్చేవాళ్ళు కాదు. మామూలు కంటే ఎక్కువ మందు కూరి, దూరంగా నిలబడి పేల్చి చూడడం అప్పటి తుపాకి తయారీలో ఉన్న పద్ధతి. లోపం ఉన్న గొట్టం అక్కడే పగిలిపోవాలి, సిపాయి మొహం ముందు కాదు. ఇది చదివినప్పుడు, ఒక్కసారి కూడా మొదటి నుంచి చివరిదాకా రన్ చేసి చూడకుండా డెమోకి తీసుకెళ్ళిన మా మినీ ప్రాజెక్ట్ గుర్తొచ్చి సిగ్గేసింది.

రేమండ్‌కి ఇదంతా బాగా తెలుసు. ఎన్నాళ్ళని ఎవరో ఇచ్చే ఆయుధం మీద ఆధారపడతాం? అందుకే ఫిరంగులు, గుండ్లు ఇక్కడే పోయించే పని మొదలుపెట్టాడు. ఇప్పుడు ఎల్‌బీ స్టేడియం దగ్గర గన్‌ఫౌండ్రీ అంటామే, ఆ పేరు అలా వచ్చిందే. ఆ కట్టడాన్ని తోప్ కా సాంచా అనేవాళ్ళు. తోప్ అంటే ఫిరంగి, సాంచా అంటే అచ్చు. దాని గోడలు ఇంకా ఉన్నాయి.

300 మంది కాస్తా కొన్నేళ్ళలో 14,000 వరకు పెరిగారు. 1795 మార్చిలో ఖర్దా దగ్గర మరాఠాలతో జరిగిన యుద్ధంలో నిజాం ఓడిపోయాడు, కానీ రేమండ్ పటాలాలు బాగా పోరాడాయన్న పేరు మిగిలింది. అదే ఏడాది నిజాం కొడుకు అలీ జా తిరగబడితే, అతన్ని పట్టుకున్నదీ రేమండే. ఇంగ్లీషువాళ్ళకి ఆయనంటే భయం పట్టుకుంది.

1798 మార్చి 25న రేమండ్ చనిపోయాడు. వయసు 42. ఆయన స్థానంలోకి పిరాన్ వచ్చాడు. సెప్టెంబర్ 1న నిజాం ఇంగ్లీషువాళ్ళతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. ఫ్రెంచ్ దళాన్ని రద్దు చేయాలన్నది అందులో ఒక షరతు. అక్టోబర్‌లో ఆ సిపాయిలే తమ అధికారుల మీద తిరగబడ్డారు. కారణం తుపాకులు కాదు, గుండ్లు కాదు, జీతం బకాయిలు. ఇంగ్లీషు సైన్యం చుట్టుముట్టింది. బకాయిలు ఇస్తామన్న హామీ మీద అక్టోబర్ 22న వేలమంది ఆయుధాలు కింద పెట్టేశారు. పన్నెండేళ్ళు కష్టపడి సమకూర్చిన తుపాకులు ఆ రోజు యుద్ధం చేయకుండానే చేతులు మారాయి.

నాకు ఈ కథలో బాగా గుచ్చుకున్నది ఇదే. గొట్టం పరీక్షించవచ్చు, మందు ఆరబెట్టవచ్చు, గుండు సైజు సరిచూడవచ్చు. కానీ తుపాకి పట్టుకున్న మనిషికి నెల జీతం అందకపోతే అవన్నీ ఉన్నా లేనట్టే. రేమండ్ బతికుంటే సిపాయిలు నిలబడేవాళ్ళేమో అని కూడా అనిపిస్తుంది. ఎందుకంటే ఆయన వర్ధంతికి సమాధి దగ్గర ఉర్సు చేసుకునే ఆచారం తరాల పాటు సాగింది. భయంతో ఎవరూ ఉర్సు చేయరు కదా.

సమాధి మలక్‌పేట పక్కన ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. పైకి సన్నబడుతూ పోయే రాతి స్తంభం, దాని మీద ఆయన పేరులోని రెండు అక్షరాలు. పక్కనున్న మండపం 2001 వానలకి కూలిపోతే మళ్ళీ కట్టారు. ఫ్రెండ్స్, ఈసారి మూసారాంబాగ్ బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు తిట్టుకునే ముందు ఒక్కసారి ఈ పెద్దాయన్ని తలుచుకోండి. వీలైతే గుట్ట ఎక్కి చూసి రండి.