ఈశ్వరచంద్ర విద్యాసాగర్

ఈశ్వరచంద్ర విద్యాసాగర్ (సెప్టెంబరు 26, 1820 - జూలై 29, 1891) బెంగాలుకు చెందిన సంస్కృత పండితుడు, విద్యావేత్త, సంఘ సంస్కర్త. ఇతని అసలు పేరు ఈశ్వరచంద్ర బందోపాధ్యాయ. వితంతు పునర్వివాహాల కోసం చేసిన కృషి వలన దేశమంతటా ప్రసిద్ధి చెందాడు. బెంగాలీ పిల్లలకు తరతరాలుగా అక్షరాలు నేర్పిన "వర్ణపరిచయ్" అనే తొలి వాచకము ఇతని రచనయే.

బాల్యము, విద్యాభ్యాసము

విద్యాసాగర్ బీర్‌సింగ గ్రామములో ఒక పేద బ్రాహ్మణ కుటుంబములో జన్మించాడు. ఈ గ్రామము నేటి పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో ఉన్నది. తండ్రి ఠాకూర్‌దాస్ బందోపాధ్యాయ, తల్లి భగవతీదేవి. ఊరి పాఠశాలలో చదువు ముగిసిన తరువాత 1828లో తండ్రితో కలిసి కలకత్తాకు కాలినడకన వెళ్ళాడు. ఆ దారిలో మైలురాళ్ళను చూస్తూ ఇంగ్లీషు అంకెలు నేర్చుకున్నాడు. ఈ సంగతిని తన అసంపూర్ణ ఆత్మకథలో వ్రాసుకున్నాడు.

1829 నుండి 1841 వరకు కలకత్తా సంస్కృత కళాశాలలో వ్యాకరణము, సాహిత్యము, అలంకారము, వేదాంతము, ధర్మశాస్త్రము మొదలైనవి అభ్యసించాడు. 1839లో "విద్యాసాగర్" అనే బిరుదు లభించింది. కాలక్రమేణ అదే ఇంటిపేరుగా స్థిరపడింది.

ఉద్యోగ జీవితము

1841లో ఫోర్ట్ విలియం కళాశాలలో ప్రధాన పండితునిగా చేరాడు. 1846లో సంస్కృత కళాశాలకు సహాయ కార్యదర్శిగా వెళ్ళి, బోధనా సంస్కరణల విషయములో కార్యదర్శితో విభేదించి మరుసటి సంవత్సరమే రాజీనామా చేశాడు. 1847లో మిత్రుడు మదనమోహన్ తర్కాలంకార్‌తో కలిసి సంస్కృత ముద్రణాలయమును స్థాపించాడు.

1851లో సంస్కృత కళాశాలకు ప్రిన్సిపాలు అయ్యాడు. అంతవరకు బ్రాహ్మణ, వైద్య కులాలకే పరిమితమైన ప్రవేశమును మొదట కాయస్థులకు, తరువాత ఇతర హిందూ కులాలకు విస్తరింపజేశాడు. సంస్కృత వ్యాకరణమును బెంగాలీలో సులభముగా వివరిస్తూ "ఉపక్రమణిక", "వ్యాకరణ కౌముది" రచించాడు.

వర్ణపరిచయ్

ఆ కాలపు గ్రామ పాఠశాలలలో పిల్లలు చాలావరకు అచ్చు పుస్తకములు లేకుండానే చదువుకొనేవారు. అచ్చయిన వాచకములలో తర్కాలంకార్ 1849లో ప్రారంభించిన "శిశుశిక్ష" ముఖ్యమైనది. ఈ పరంపరలో విద్యాసాగర్ 1855 ఏప్రిల్‌లో వర్ణపరిచయ్ మొదటి భాగమును, జూన్‌లో రెండవ భాగమును ప్రచురించాడు.

అంతకు ముందు బెంగాలీ వర్ణమాలలో సంస్కృత పద్ధతిలో 16 అచ్చులు, 34 హల్లులు లెక్కించేవారు. బెంగాలీలో వాడుక లేని దీర్ఘ ౠకారమును, దీర్ఘ ౡకారమును ఇతడు తొలగించాడు. అనుస్వార విసర్గలను హల్లులలో చేర్చి, చంద్రబిందువుకు ప్రత్యేక స్థానము ఇచ్చాడు. "క్ష" సంయుక్తాక్షరము కనుక దానిని హల్లుల నుండి తీసివేశాడు. పదము మధ్యలోను చివరను డ, ఢ, య ల ఉచ్చారణ మారుతుంది కనుక, అడుగున చుక్క గల ఆ మూడు రూపములను వేరు అక్షరములుగా గుర్తించాడు. ఈ విధముగా 12 అచ్చులు, 40 హల్లులు గల వర్ణమాల ఏర్పడింది.

మొదటి భాగములో అక్షరములు, వాటి తరువాత గుణింతపు గుర్తులు గల పదములు, చివరకు చిన్న వాక్యములతో పాఠములు ఉన్నాయి. అక్షరములను వరుసలో వల్లించే పిల్లవాడు విడిగా చూపితే గుర్తించలేకపోవచ్చును. అందుచేత వరుస తప్పించి కూర్చిన అక్షరములతో "వర్ణపరిచయ పరీక్ష" అనే పునశ్చరణ చేర్చాడు. నేర్చిన గుణింతములన్నిటినీ కలిపిన మిశ్రమ ఉదాహరణలు కూడ ఉన్నాయి.

రెండవ భాగము సంయుక్తాక్షరములకు సంబంధించినది. ఇందులోని కఠిన పదములకు అర్థములు బోధించక, అక్షర విభజన మాత్రమే నేర్పవలెనని ఉపాధ్యాయులకు ముందుమాటలో సూచించాడు. పదముల పట్టికలు పిల్లలకు విసుగు పుట్టించకుండా మధ్య మధ్య సులభమైన పాఠములు పెట్టి, వాటికి మాత్రము అర్థము వివరించమన్నాడు.

తెలుగులో వలె కాక, బెంగాలీలో పదము చివరి అకారము కొన్ని చోట్ల పలుకుతుంది, కొన్ని చోట్ల పలకదు. ఉపాధ్యాయులు అన్ని పదములనూ అకారాంతములుగా చదివించుట గమనించి, మొదటి భాగపు 60వ ముద్రణలో, నిజముగా అకారము పలికే పదములకు నక్షత్రపు గుర్తు పెట్టాడు. పుస్తకము వెలువడి 20 సంవత్సరములైనా దానిని సవరించుట మానలేదు.

ఈ పాఠములలోని బుద్ధిమంతుడు గోపాల్, అల్లరివాడు రాఖాల్ బెంగాలీలో సామెతగా మారారు. రెండవ భాగములోని చివరి కథలో, చిన్నతనములో దొంగతనము మాన్పించని పిన్నమ్మ చెవిని భువన్ అనే దొంగ కొరుకుతాడు. పుస్తకములోని నీతి మరీ కఠినమని విమర్శలు ఉన్నాయి. బాల్యములో విద్యాసాగర్ గోపాల్ కంటే రాఖాల్‌నే ఎక్కువగా పోలి ఉండేవాడని రవీంద్రనాథ్ టాగూర్ అభిప్రాయపడ్డాడు.

పాఠశాలల స్థాపన

వర్ణపరిచయ్ వెలువడిన 1855లోనే ప్రభుత్వము ఇతనిని పాఠశాలల ప్రత్యేక ఇన్‌స్పెక్టరుగా నియమించింది. నదియా, హుగ్లీ, బర్ద్వాన్, మేదినీపూర్ జిల్లాలలో 20 ఆదర్శ పాఠశాలలు స్థాపించాడు. ఉపాధ్యాయ శిక్షణకై నార్మల్ పాఠశాల తెరిచి, అక్షయ్‌కుమార్ దత్తాను ప్రధానోపాధ్యాయునిగా నియమింపజేశాడు.

1857 నవంబరు నుండి 1858 మే వరకు ప్రభుత్వ సహాయము వస్తుందన్న నమ్మకముతో 35 బాలికా పాఠశాలలు తెరిచాడు. అయితే ప్రభుత్వము శాశ్వత గ్రాంటు నిరాకరించింది. ఉపాధ్యాయుల జీతముల బాకీ ఇతనిపై పడింది. ఎంతో ఉత్తర ప్రత్యుత్తరము తరువాత ప్రభుత్వము ఆ బాకీ మాత్రము చెల్లించింది. 1858లో ఉద్యోగమునకు రాజీనామా చేసి, చందాలతో నిధి ఏర్పరచి కొన్ని పాఠశాలలను నడిపాడు. ఇతని నిర్వహణలో వృద్ధి చెందిన మెట్రోపాలిటన్ విద్యాసంస్థ 1872లో కళాశాల అయినది. అదే నేటి విద్యాసాగర్ కళాశాల.

సంఘ సంస్కరణ

ఇతని కృషి ఫలితముగా 1856లో వితంతు పునర్వివాహ చట్టము వచ్చింది. ఇటువంటి వివాహములకు సొంత ధనము వెచ్చించి అప్పులపాలయ్యాడు. 1870లో తన కుమారుడు నారాయణచంద్ర వితంతువును వివాహమాడగా సమర్థించాడు. ఆంధ్రదేశములో 1881లో తొలి వితంతు వివాహము జరిపించిన కందుకూరి వీరేశలింగమును దక్షిణదేశ విద్యాసాగరుడని పిలిచేవారు.

చివరి రోజులు

జీవిత చరమాంకములో ఎక్కువ కాలము నేటి జార్ఖండ్‌లోని కర్మాటార్‌లో సంతాలుల మధ్య గడిపాడు. వారికి ఉచితముగా హోమియోపతి వైద్యము చేస్తూ, పెద్దలకు రాత్రి పాఠశాల నడిపాడు. 1891 జూలై 29న కలకత్తాలో మరణించాడు. కర్మాటార్ రైల్వే స్టేషనుకు తరువాతి కాలములో విద్యాసాగర్ అని పేరు పెట్టారు.